రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోదు

బెంగళూరులో పిల్లల కౌన్సెలర్లకి కొదవేం లేదు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా" అని అడిగితే కాసేపట్లో నాలుగు నంబర్లు వస్తాయి. ఆ నలుగురిలో లైంగిక దాడికి గురైన పిల్లతో పనిచేయడం నిజంగా నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది అని మాత్రం ఎవరూ అడగరు. రెండు రోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, మర్నాడే కేసులు. ఇది చాలా ప్రమాదం.

ఎందుకో చెప్తాను. భయపడుతూ వచ్చిన పిల్ల "ఎవరికీ చెప్పొద్దు ఆంటీ" అంటుంది. శిక్షణ లేని మనిషి జాలితో "చెప్పనమ్మా, ఒట్టు" అనేస్తారు. కానీ పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అంటే ఆ ఒట్టు నిలబడేది కాదు. ఒకసారి పెద్దవాళ్ళ చేతిలో మోసపోయిన పిల్ల రెండోసారి థెరపిస్టు చేతిలోనే మోసపోతుంది, ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా నోరు విప్పకపోవచ్చు. ఏ మాట ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో మొదటి సెషన్‌లోనే పిల్లకి అర్థమయ్యేలా చెప్పడం ఒక విద్య, అది స్లైడ్లు చూస్తే వచ్చేది కాదు.

ప్రశ్నలు అడగడమూ అంతే. "మామయ్య ముట్టుకున్నాడా?" అని థెరపిస్టే పేరు అందిస్తే, రేపు కోర్టులో అవతలి లాయరు "ఇవన్నీ చిలకపలుకులు" అని కొట్టిపారేస్తాడు. "ఏం జరిగిందో నీకు చెప్పాలనిపిస్తే చెప్పు" అని ఊరుకోవాలి, ఆ నిశ్శబ్దాన్ని భరించాలి. అసలు కూపీ లాగడం థెరపిస్టు పనే కాదు, అది దర్యాప్తు చేసేవాళ్ళ పని. పిల్ల భయం తగ్గించి, నిద్ర, బడి, ఆట మళ్ళీ దారిలో పెట్టడం వీళ్ళ పని.

ఇక భాష. కర్నూలు, అనంతపురం నుంచి భవన నిర్మాణ పనులకొచ్చిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పోలీసుల దగ్గరా, కోర్టులోనూ అనువాదకులు ఉండొచ్చని చట్టంలోనే రాసుంది. థెరపీ గదిలో మాత్రం వెంట వచ్చిన బంధువే అనువాదం చేస్తుంటాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా ఈ కేసుల నిందితుల్లో నూటికి తొంభై మందికి పైగా పిల్లలకి తెలిసినవాళ్ళే అని గుర్తుంటే, అలా కూర్చోబెట్టడం ఎంత ఘోరమో తెలుస్తుంది.

నేర్పేవాళ్ళు లేరా అంటే, ఈ ఊళ్ళోనే ఉన్నారు. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది, అక్కడి సంవాద్ అనే విభాగం పిల్లల రక్షణలో పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇస్తోంది. ఎన్‌ఫోల్డ్ లాంటి సంస్థలు ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాయి. నా దృష్టిలో అసలు లోటు శిక్షణ తర్వాతి రోజుల్లో ఉంది. ప్రతి కేసునీ అనుభవజ్ఞుల ముందు పెట్టి "ఇక్కడ నేను అడిగింది సరేనా" అని చర్చించుకునే సూపర్‌విజన్ నెలల తరబడి నడవాలి. అది లేకపోతే విన్నదంతా మోయలేక థెరపిస్టులే కుంగిపోతారు, మంచివాళ్ళే ముందు మానేస్తారు. దానికి డబ్బు ఎవరూ పెట్టరు, ఎందుకంటే అందులో బ్యానర్ ఉండదు, ఫొటో ఉండదు. ఏటా అవగాహన సదస్సులకి ఖర్చు పెట్టే స్కూళ్ళు ఆ డబ్బులో సగం తమ కౌన్సెలర్ సూపర్‌విజన్ ఫీజుకి కట్టాలి. తల్లిదండ్రులు కూడా అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు "మీ కేసులు ఎవరితో చర్చిస్తారు మేడం?" అని మొహమాటం లేకుండా అడగాలి. జవాబు రాకపోతే వేరేవాళ్ళని వెతుక్కోవాలి.