సందేశం లేని సినిమా తీసిన నేరానికి

ఒక బడిలో లఘుచిత్రాల పోటీ పెట్టారు. పెట్టినందుకు ముందుగా అభినందించాలి. పిల్లల్లో దాగి ఉన్న సృజనాత్మకతను వెలికితీయడమే తమ ధ్యేయమని నియమావళి మొదటి వాక్యంలోనే రాసుకున్నారు. వెలికితీసిన దాన్ని వెంటనే ఎలా పూడ్చిపెట్టాలో రెండో వాక్యం నుంచి మొదలవుతుంది.

నియమావళి ప్రతి నా ముందే ఉంది. నిడివి ఐదు నిమిషాలు దాటరాదు. కథను ముందుగా కమిటీకి చూపి సంతకం తీసుకోవాలి. బడి గౌరవానికి భంగం కలిగించే దృశ్యాలు ఉండరాదు. షూటింగు చదువుకు ఆటంకం కలగని వేళల్లోనే జరగాలి. ఆ వేళలేవో రాయలేదు. టైంటేబులు చూస్తే రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా కాస్త ఖాళీ కనిపిస్తోంది. చిత్రాన్ని ఫోనుతో తీయాలి. ఫోను బడికి తేవడం నిషేధం. ఈ రెండు నియమాలూ ఒకదాని కింద ఒకటి, ఏ మొహమాటమూ లేకుండా కూర్చున్నాయి. అన్నిటికీ అడుగున, లావు అక్షరాల్లో, కింద గీత గీసి మరీ: ప్రతి చిత్రంలోనూ సమాజానికి సందేశం తప్పనిసరి.

సరిగ్గా అక్కడే నా ఒళ్లు మండింది.

సందేశం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. సినిమా ఆఖర్న ఎవరో ఒకరు కెమెరా వైపు తిరిగి, చేతులు కట్టుకుని అప్పజెప్పేది. చెట్లు నాటండి. నీటిని పొదుపు చేయండి. పెద్దలను గౌరవించండి. ఫోన్లకు దూరంగా ఉండండి (దీన్ని కూడా ఫోనుతోనే తీస్తారు). వెనక వేణువు ఏడుస్తూ ఉంటుంది. కథానాయకుడు నేలమీద పడి ఉన్న ప్లాస్టిక్ సీసాను స్లో మోషన్‌లో వంగి తీసి చెత్తబుట్టలో వేస్తాడు. షూటింగు కోసం ఆ సీసాను అక్కడ పారేసింది కూడా అతనే. రెండో టేకుకి మళ్లీ పారేస్తాడు.

నాకు తెలిసిన దర్శకురాలు ఒకమ్మాయి ఉంది. చదివేది తొమ్మిదో తరగతి. ఆ అమ్మాయి ఈ పోటీకి ఒక సినిమా తీసింది. చివరి పీరియడు. గోడ మీద గడియారం. ముల్లు కదలదు. వెనక బెంచీ కుర్రాడు దాన్నే చూస్తుంటాడు. పాఠం చెప్పే గొంతు వినిపిస్తుంటుంది, మనిషి కనపడరు. కాసేపటికి ముల్లు వెనక్కి నడవడం మొదలెడుతుంది. కుర్రాడు అటూ ఇటూ చూస్తాడు. ఎవరికీ పట్టదు. లేచి, స్టూలు వేసుకుని ఎక్కి, ముల్లును వేలితో ముందుకు తోస్తాడు. గంట మోగుతుంది. క్లాసంతా కేకలేస్తూ బయటికి పరిగెడుతుంది. వాడు మాత్రం స్టూలు మీదే నిలబడిపోతాడు. దిగడానికి భయం. అంతే సినిమా. నాలుగు నిమిషాలు. నేను పగలబడి నవ్వాను.

దానికోసం ఆ పిల్ల పడ్డ తిప్పలు చెబితే ఇంకో వ్యాసం అవుతుంది. స్టోరీబోర్డు (ఏ షాటు తర్వాత ఏ షాటో చెప్పే బొమ్మలు) సోషల్ నోట్సు వెనక పేజీల్లో గీసుకుంది. ట్రైపాడ్ లేదు కనక పాఠ్యపుస్తకాలు పేర్చి వాటిమీద ఫోను నిలబెట్టింది. ట్యూబులైటు కింద తీస్తే తెర మీద చారలు పాకుతున్నాయి. ఎందుకా అని తలబాదుకుని, కరెంటు 50 హెర్ట్జ్ అయినప్పుడు షట్టరు (ఒక్కో బొమ్మకి కెమెరా వెలుతురు పట్టే సేపు) 1/50 సెకనుకు కట్టెయ్యాలని తనే కనిపెట్టింది. విద్యుత్తు పాఠం చెప్పే మాస్టారికి ఈ ముక్క తెలుసని నేననుకోను. ముల్లును ఎవరూ వెనక్కి తిప్పలేదు. ముందుకు తిరిగేదాన్ని తీసి ఎడిటింగులో తిరగేసింది. సగం సినిమా అయ్యాక హీరో క్షవరం చేయించుకుని వచ్చాడు. మిగతా షాట్లన్నీ వాడి చేతుల మీదా గడియారం మీదా తీసి గట్టెక్కింది. కంటిన్యుటీ (షాటుకీ షాటుకీ మధ్య మనిషీ వస్తువూ మారిపోకూడదన్నది) అంటే ఏమిటో ఆ పిల్లకి ఎవరూ పాఠం చెప్పలేదు, ఆ క్షవరం చెప్పింది.

ఇక కమిటీ.

ఐదుగురు సభ్యులు, ఒక ల్యాప్‌టాప్. పత్రికల్లో రాస్తానని నన్నూ పిలిచారు, ఓటు లేని కుర్చీ ఒకటి వేశారు. సినిమా అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. సైన్సు మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, గడియారం ముల్లు వెనక్కి తిరగడం శాస్త్రవిరుద్ధమని, మూఢనమ్మకాలను ప్రోత్సహించినట్టవుతుందని అన్నారు. తెలుగు మాస్టారు మాటలు తక్కువయ్యాయని, కనీసం ఒక్క పద్యమైనా పెట్టాల్సిందని బాధపడ్డారు. డ్రిల్లు మాస్టారికి ఆఖర్న పిల్లలు పరిగెత్తడం నచ్చలేదు, వరస లేదట. లెక్కల మాస్టారు మాత్రం, గడియారంలో మొదట మూడూ ఇరవై చూపించి, మూడో షాట్‌లో మూడూ పది చూపించారని, అప్పటికింకా ముల్లు వెనక్కి తిరగడం మొదలవలేదనీ అన్నారు. ఆ సమావేశంలో సినిమా గురించి ఎవరైనా మాట్లాడారంటే అదొక్కటే. దర్శకురాలు వెంటనే రాసుకుంది.

అప్పుడు వైస్ ప్రిన్సిపాల్ మేడం గొంతు తగ్గించి అడిగారు. "వెనకాల పాఠం చెబుతున్న ఆ గొంతు ఎవరిది?"

అంతే, గదిలో గాలి ఆగిపోయింది. పిల్లాడు అంతగా విసిగిపోయే పాఠం ఎవరిదై ఉంటుంది? ఐదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రతివారికీ అది తమ గొంతులాగే వినిపించింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టించారు. మళ్లీ. తెలుగు మాస్టారు చెవి స్పీకరుకి ఆనించారు. లెక్కల మాస్టారు ఇది కచ్చితంగా సైన్సేనన్నారు, సైన్సు మాస్టారు కాదు సోషలేనన్నారు. నిజానికది ఆ అమ్మాయి తాతగారు కరెంటు బిల్లు చదివిన గొంతు. ఈ సంగతి బయటపెట్టాక ఊపిరి పీల్చుకున్నారే గానీ, అనుమానం పూర్తిగా పోయినట్టు లేదు.

అప్పుడు ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "అంతా బాగుందమ్మా. సందేశం ఏదీ?"

"సందేశం లేదు సార్. గడియారం ఉంది."

ఈ జవాబుని పొగరుగా నమోదు చేశారు. ఆపైన కమిటీ కథను బాగుచేయడానికి పూనుకుంది. వెనక బెంచీవాడు నాయకుడైతే తప్పుడు సంకేతాలు వెళతాయి, కాబట్టి ఫస్టు ర్యాంకు అబ్బాయిని పెట్టాలి. చదివేవాడికి కాలం తెలియదు, కాబట్టి ముల్లు వెనక్కి కాదు, గిర్రున ముందుకు తిరగాలి. ఫస్టు ర్యాంకువాడు స్టూలు ఎందుకెక్కుతాడు? గడియారానికి పట్టిన దుమ్ము తుడవడానికి. పరిశుభ్రత వచ్చేసింది. అంత ఎత్తునుంచి కిటికీలోంచి వాడికి ఎండిపోతున్న మొక్క కనిపించాలి. పర్యావరణం. దిగివెళ్లి దానికి నీళ్లు పోస్తాడు. నీళ్లు ఒలికితే వృథా అవుతాయి కనక చెంచాతో పోస్తాడు. సరిగ్గా అప్పుడు, యాదృచ్ఛికంగా, కోటు వేసుకుని ప్రిన్సిపాల్ గారు అటుగా వస్తారు. వాడి భుజం తడతారు. ఈ తట్టడాన్ని మూడు కోణాల్లోంచి తీయాలి. పేరు 'కాలం-కర్తవ్యం'. గడియారం కావాలంటే ఉంచుకోవచ్చు, అడ్డం లేకపోతే.

ఈ కమిటీ 1895లో లేకపోవడం మానవజాతి అదృష్టం. ఆ ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో, సినిమాకి ఆద్యులైన లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి పది సినిమాలు చూపించారు. ఒక్కోటీ నిమిషం లోపే. మొదటిదాంట్లో ఏముంది? ఫ్యాక్టరీ తలుపు తెరుస్తారు, పనివాళ్లు బయటికొస్తారు. సందేశం ఏమిటండీ? పని అయిపోయింది, ఇళ్లకెళుతున్నారు. వరస కూడా లేదు, డ్రిల్లు మాస్టారు గమనించాలి. అదే ఆటలో ఇంకో సినిమా ఉంది. తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్లు పడుతుంటాడు. వెనకనుంచి ఒక కుర్రాడొచ్చి గొట్టాన్ని కాలితో తొక్కుతాడు. నీళ్లు ఆగిపోతాయి. ఏమైందా అని తోటమాలి గొట్టంలోకి తొంగిచూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. మొహం మీద ఫెళ్లున నీళ్లు. తెర మీద కథ చెప్పిన తొలి సినిమాల్లో ఇదొకటి, హాస్యచిత్రాలకు మూలపురుషుడు. సినిమా అనే కళ తొలి నవ్వు ఒక ఆకతాయి పిల్లాడి కాలికింద పుట్టింది! మన కమిటీ చూసి ఉంటే నీటి వృథా కింద తిరస్కరించి, పెద్దలపట్ల అవిధేయత కింద వాళ్ల నాన్నగారిని పిలిపించి ఉండేది.

బయట ఇంకో జాతి ఉంది. వీళ్లు సినిమాకి వ్యతిరేకులు కారు. "ముందు చదువు పూర్తి కానీ, తర్వాత ఎన్ని సినిమాలైనా తీసుకో" అంటారు, వరమిచ్చినట్టు మొహం పెట్టి. మంచి సలహా. హాలీవుడ్ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ దీన్ని పాటించి ఉంటే ఏమయ్యేదో లెక్క వేద్దాం. ఆయన డిగ్రీ మధ్యలో వదిలేసి, మళ్లీ కట్టి, పూర్తి చేసింది 2002లో. వయసు 55. కోర్సులో భాగంగా సినిమా ఒకటి సమర్పించాలంటే, 1993లో తీసిన 'షిండ్లర్స్ లిస్ట్' ఇచ్చారు. సలహా విని ఉంటే ఆ ఇవ్వడానికి కూడా ఏమీ ఉండేది కాదు. మహానుభావుడు 17వ ఏటనే, ఇంకా స్కూల్లో ఉండగానే, రెండు గంటలకు పైబడిన 'ఫైర్‌లైట్' తీసి, 1964లో తమ ఊరి థియేటర్లో ఒక రాత్రి ఆడించుకున్నాడు. అందులో సందేశం ఏమైనా ఉందా అని అడక్కండి. ఆకాశంలో వింత దీపాలు కనిపిస్తాయి, మనుషులు మాయమవుతుంటారు.

ఆటంకం లేని వేళల్లోనే తీయాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించిన పిల్లలు కూడా ఉన్నారు. అమెరికాలో మిసిసిపీ కుర్రాళ్లు ముగ్గురు, ఇదే స్పీల్‌బర్గ్ 1981లో తీసిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'ని షాట్ షాటూ మళ్లీ తీద్దామని 1982లో మొదలెట్టారు. చదువు పాడవకుండా వేసవి సెలవుల్లోనే తీశారు. 1989కి అయింది. విమానం సన్నివేశం ఒకటి మిగిలిపోతే, పెద్దవాళ్లయ్యాక 2014లో తీసుకున్నారు. అందులో హీరో వయసు షాట్‌కొక రకంగా ముందుకీ వెనక్కీ పోతుంటుంది, మా దర్శకురాలి గడియారంలాగే. సైన్సు మాస్టారు అది కూడా శాస్త్రవిరుద్ధమంటారేమో.

పిల్లల తరఫున వాదించే పెద్దమనుషులతోనూ నాకు పేచీ ఉంది. సినిమా తీయడం వల్ల నాయకత్వ లక్షణాలు పెరుగుతాయట, బృందస్ఫూర్తి అలవడుతుందట, రేపు ఉద్యోగంలో పనికొస్తుందట. బాబూ, మీరు మా పక్షాన దయచేసి మాట్లాడకండి. ఆ పిల్ల గడియారం మీద సినిమా తీసింది గడియారం మీద సినిమా తీయాలనిపించి. ప్రోగ్రెస్ కార్డు భాషలోకి దింపితే తప్ప ఒక పిల్ల సరదాకి పుట్టుహక్కు ఉండదా?

సరే, తర్వాత ఏం జరిగిందో విని మాట్లాడుకుందాం. దర్శకురాలు 'కాలం-కర్తవ్యం' తీయనంది. లెక్కల మాస్టారు పట్టుకున్న తప్పు ఒక్కటే సరిదిద్దుకుందామని, బడి వదిలాక ఆ షాటు మళ్లీ తీస్తుంటే పట్టుకున్నారు. ఫోను నిషేధం కదా. ఆఫీసు గదిలోకి తీసుకెళ్లారు. గ్యాలరీ తెరిపించారు. పిల్ల ఎదురుగా నిలబడి ఉండగానే ఒక్కొక్క క్లిప్పూ నొక్కి, చెత్తబుట్ట బొమ్మ నొక్కి, ఆ చెత్తబుట్టను కూడా ఖాళీ చేయించారు. వేరే కాపీ లేదు. సెకనుకి 24 ఫ్రేములు, నాలుగు నిమిషాలు, 5,760 బొమ్మలు. ఒక మనిషి చేసిన పనిని ఆ మనిషి కళ్లెదుటే తుడిచేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టి, సాయంత్రం ఇంటికెళ్లి నిశ్చింతగా టీవీలో సినిమా చూసేవాళ్లకు పిల్లల్ని ఎందుకప్పగిస్తున్నాం మనం? పరీక్ష పేపరు చింపితే కేసు పెడతారు. పిల్ల తన బుర్రలోంచి తీసిన దాన్ని చెరిపేస్తే అడిగే నాథుడు లేడు. సిగ్గు కూడా లేదు. నాకిక్కడ వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి, రాదు కూడా. ఆ పిల్ల ఏడవలేదని మెచ్చుకుంటూ చెప్పారు నాతో. ఏడ్చి ఉంటే దాన్ని కూడా తుడిచేసేవారు.

రెండు వారాలు తిరక్కుండానే వార్షికోత్సవం వచ్చింది. కొత్త అడ్మిషన్ల కోసం బడి గురించి ఒక ప్రచార వీడియో కావాలి. బయటివాళ్లు తీయడానికి చాలా డబ్బు అడుగుతున్నారు. ప్రిన్సిపాల్ గారు దర్శకురాలిని పిలిపించారు, బీరువా తాళం తీసి ఫోను స్వహస్తాలతో ఇచ్చారు. "నీకీ వీడియోల పని బాగా వచ్చటగా అమ్మా. లైబ్రరీ తియ్యి, ల్యాబు తియ్యి, నేను మెట్లు దిగి వస్తుంటాను, అదీ తియ్యి." చదువుకు ఆటంకమా? రెండు రోజులు క్లాసుల నుంచి మినహాయింపు. నిషేధమా? ఫోనుకి చార్జింగు కూడా ఆఫీసులోనే పెట్టారు. అంటే అభ్యంతరం సినిమా మీద కాదు, కెమెరా ఎటు తిరిగి ఉందన్న దాని మీదే.

కాబట్టి వచ్చే ఏడాది నియమావళికి నాదొక సవరణ. పోటీకి వారం ముందు కమిటీ సభ్యులు ఒక్కొక్కరూ ఒక్క నిమిషం సినిమా తీసి పిల్లల ముందు వేయాలి. ట్యూబులైటు కిందే తీయాలి. హీరో మధ్యలో క్షవరం చేయించుకుంటాడు. మెమరీ నిండిపోతుంది. ఎడిటింగు యాప్ సినిమా నడిమధ్యలో తన ముద్ర కొట్టుకుంటుంది. సైన్సు మాస్టారి సినిమాలో సగం సేపు ఆయన బొటనవేలు కనిపిస్తుంది, తెలుగు మాస్టారి సినిమాలో గాలి హోరు తప్ప పద్యం వినపడదు, ప్రిన్సిపాల్ గారు తనని తాను తీసుకుంటూ మెట్లు దిగి రావాల్సి వస్తుంది. తొమ్మిదో తరగతి జ్యూరీ ఓపిగ్గా చూస్తుంది. సందేశం ఏదీ అని ఎవరూ అడగరు. చివర్లో అందరికీ తలా ఒక ప్రశంసాపత్రం ఇచ్చి పంపిద్దాం, పాల్గొన్నందుకు.