మోగని ఐపాడ్‌కే గిరాకీ

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో కుర్రాళ్లకు ఉపాధి లేదని ప్రతి ఎన్నికలకూ రెండు భాషల్లో కన్నీళ్లు కార్చే నాయకులకు ఒక మనవి. ఉపాధి ఉంది. కొరియర్ డబ్బాల్లో, బబుల్ కవర్ చుట్టుకుని దిగుతోంది. మోగని ఐపాడ్లు (యాపిల్ వారి జేబు పాటల పెట్టెలు), తిరగని వాక్‌మన్‌లు (సోనీ వారి జేబు క్యాసెట్ ప్లేయర్లు) ఆన్‌లైన్లో కొని, బాగుచేసి తిరిగి అమ్మే ఈ కుటీర పరిశ్రమకు ఇంతవరకు ముద్ర రుణం లేదు, శాలువా లేదు. శోచనీయం.

ఈ రంగంలో ఆర్థికశాస్త్రం కాస్త వేరు. మోగే పెట్టె కొంటే పాటలు వినడం తప్ప చేసేదేమీ లేదు. మోగని పెట్టెకైతే భవిష్యత్తు ఉంటుంది. అందుకే మోగేదానికి యాభై తగ్గించమని గంటసేపు బేరమాడే మా బావ, మోగనిదాని వేలంపాటలో అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు.

అమ్మేవాళ్ల నిజాయితీని కూడా మెచ్చుకోవాలి. "చార్జర్ లేనందున పరీక్షించలేదు" అని ముందే రాస్తారు. ఇంట్లో ఫోన్లకు నాలుగు చార్జర్లు ఉంటాయి, దీని 30 పిన్నుల కేబుల్ మాత్రం దేశం మొత్తం మీద ఎవరి దగ్గరా ఉండదు. ఫొటో ముందు నుంచే తీస్తారు. పక్కనుంచి తీస్తే లోపల బ్యాటరీ పూరీలా పొంగిన సంగతి తెలిసిపోతుంది. (పొంగిన లిథియం బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే నిప్పంటుకోవచ్చు. ఈ ఒక్క మాట వ్యంగ్యం కాదు.)

2001 అక్టోబరులో ప్రకటించిన మొదటి ఐపాడ్‌లో 5 జీబీల చిన్న హార్డ్‌డిస్క్ ఉండేది. పాత ఐపాడ్లలో ఇప్పుడు టిక్ టిక్ మంటున్నవి ఆ జాతి డిస్కులే. డిస్క్ పీకేసి, అడాప్టర్ పెట్టి, ఎస్‌డీ కార్డు గుచ్చితే ప్రాణం వస్తుంది. 2007 నాటి ఐపాడ్ క్లాసిక్ అయితే అంత సులువుగా విచ్చుకోదు. ముందూ వెనకా లోహమే, లోపల క్లిప్పులు. బ్లేడు దూర్చి లేపేసరికి అంచు వంకరపోతుంది, బ్యాటరీ రిబ్బన్ (పల్చటి తీగపట్టీ) పట్టుకున్న బుల్లి మీట ఊడిపోతుంది. అప్పుడు ఆ మీట కోసం ఇంకో చచ్చిన ఐపాడ్ కొనాలి. మూడు కొంటే ఒకటి బతుకుతుంది. మిగతా రెండూ "విడిభాగాలకు మాత్రమే" అని మళ్లీ అమ్మకానికి వెళతాయి. వాటిని గుణుపురంలో ఇంకెవరి బావో కొంటాడు.

1979లో పుట్టిన వాక్‌మన్‌ది ఇంకో కథ. లోపలి రబ్బరు బెల్టు కాలక్రమంలో తారులా కరిగి చక్రాలకు పట్టేస్తుంది. అక్కణ్నుంచి బావ వేళ్లకు, బావ వేళ్ల నుంచి మా అక్క కొత్త తువ్వాలుకు.

అన్నిటికన్నా ఘోరం, హోల్డ్ మీట (బటన్లు పనిచేయకుండా ఆపేది) జరిపి ఉండటం వల్ల చచ్చిందనుకుని అమ్మేసిన ఐపాడ్ చేతికి రావడం. మీట వెనక్కి జరపగానే లేచి కూర్చుంటుంది. స్క్రూ విప్పకుండానే బతికిపోయిన పెట్టె వల్ల నిపుణుడికి పరువు నష్టం కాదా?

2005 నాటి ఐదో తరం ఐపాడ్‌లో పాటను పలికించే వుల్ఫ్‌సన్ కంపెనీ చిప్ నాదమే వేరని రసికుల నమ్మకం. మా బావకు ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. వంటింట్లోంచి అక్క పిలిచిన పిలుపే వినిపించదు.

"ఇన్ని బాగుచేశావు కదా బావా, ఏ పాటలు విన్నావేటి?" అని అడిగాను.

"పాటలా? ఎడమ చెవి, కుడి చెవి పది సెకన్లు చూసి కట్టేస్తాను. ఎక్కువ వింటే బ్యాటరీ అరుగుతాది" అన్నాడు.

మొన్న ఒకదాన్ని నిగనిగలాడేలా తయారుచేసి, కొత్త బ్యాటరీ వేసి, "బాగా మోగుతుంది" అని అమ్మకానికి పెట్టాడు. వారమైనా ఎవరూ పలకలేదు. పలికిన ఒకరిద్దరూ ఎవరు విప్పారు, ఏ కంపెనీ బ్యాటరీ అని పోలీసుల్లా ఆరా తీశారు. బావ ఆ ప్రకటన తీసేసి, "చార్జర్ లేదు, పరీక్షించలేదు" అని రాసి, ధర రెండొందలు పెంచాడు. సాయంత్రానికల్లా అమ్ముడుపోయింది.

కొన్నాయన పాతపట్నం వాడు. డబ్బా అందిన రోజే ఫోన్ చేశాడు.

"ఏటండీ ఈ మోసం? ఇది మోగుతోంది!"