డెల్టా ఇంటి వైఫైకి రౌటర్ కన్నా తీగ ముఖ్యం

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంటికి ఫైబర్ రావడం ఇప్పుడు విశేషం కాదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు; కరెంటు స్తంభాల మీదుగా సాగిన ఆ తీగతోపాటు బీఎస్ఎన్ఎల్ తీగలూ, ప్రైవేటు కంపెనీల తీగలూ ఊళ్లలోకి చేరాయి. అయినా వీధి అరుగు మీద హాయిగా ఆడే వీడియో వంటింట్లోకి వచ్చేసరికి ఆగిపోతోందన్న ఫిర్యాదు మాత్రం పోలేదు. దీనికి చాలామంది పెద్ద ప్లాన్‌కు మారుతున్నారు, లేదా ఆరేసి యాంటెన్నాలున్న ఖరీదైన రౌటర్ తెచ్చుకుంటున్నారు. ఆ డబ్బులో కొంత ఇంటి లోపల తీగ లాగించడానికీ, దాని చివర ఒక మామూలు యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టడానికీ ఖర్చు చేయడం మేలని నా అభిప్రాయం.

లోపం ఎక్కడుందో చూద్దాం. వీధి స్తంభం నుంచి వచ్చే ఫైబర్ తీగను ఆపరేటర్ మనిషి ఎంత తక్కువ పొడవుతో ముగిద్దామా అని చూస్తాడు కాబట్టి, ఫైబర్ చివర తగిలించే, చాలాసార్లు వైఫై కూడా తానే ఇచ్చే ఓఎన్‌టీ అనే పెట్టె దాదాపు ఎప్పుడూ ముందు గదిలోనే, కిటికీ పక్కనో టీవీ వెనకో ఉండిపోతుంది. మన ఇళ్లేమో వీధి గుమ్మం నుంచి పెరటి దాకా పొడవుగా సాగుతాయి. పాత మండువా ఇళ్లలో గోడలు మందం, కొత్త డాబాల్లో ఇనుప కడ్డీల స్లాబు. పైగా సరిగ్గా ఆ పెట్టె పక్కనే ఒక ఇనుప బీరువా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను కొంతవరకు దాటగలవు, కానీ అక్కడ ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 అని మూడే ఉండడంతో, ఇళ్లు దగ్గరగా ఉన్న వీధుల్లో రద్దీ తప్పదు. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 2018లో లైసెన్సు అవసరం తీసేసి 605 మెగాహెర్ట్జ్ మేర చోటు ఇచ్చారు. అక్కడ వేగమూ ఎక్కువే, కానీ రెండు గోడలు దాటేసరికి ఆ సిగ్నల్ బాగా నీరసిస్తుంది.

యాంటెన్నాలు ఎక్కువైతే ఇది తీరుతుందా అంటే, చాలావరకు తీరదు. వైఫైలో మాట రెండు వైపులా నడవాలి. రౌటర్ ఎంత బలంగా పంపినా, జేబులోని ఫోన్ చిన్న బ్యాటరీతో తక్కువ శక్తితోనే బదులిస్తుంది. ఫోన్ తెరపై సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోకపోవడానికి తరచూ ఇదే కారణం. పెట్టె మీద రాసే అంకెల సంగతి మరీ విచిత్రం. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867 మెగాబిట్లను కలిపి గుండ్రంగా చేసిన సంఖ్య. ఒక ఫోన్ ఒకసారికి ఏదో ఒక బ్యాండులోనే, అంటే 2.4లోనో 5లోనో, ఉంటుంది కనుక ఆ మొత్తం ఎవరికీ అందదు. ఏఎక్స్1500, ఏఎక్స్3000 వంటివీ ఇలాంటి కూడికలే. అసలు చూడవలసింది వెనకనున్న తీగ పోర్టులను: చవక రౌటర్లలో అవి 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి, అలాంటిదానికి 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకుంటే సగం డబ్బు వృథా. గిగాబిట్ పోర్టులు, రెండు బ్యాండ్లు, వైఫై 6 అనే ప్రమాణం ఉంటే ఇంటికి చాలు.

కొనే ముందు చిన్న పరీక్ష చేయాలి. ఓఎన్‌టీ పక్కనే నిలబడి వేగం చూసి, తర్వాత వంటింట్లో చూడాలి. మొదటి చోటే తక్కువ వస్తే ముందుగా ఆపరేటర్‌నే అడగాలి, రౌటర్ కొనడం దండగ. మొదటి చోట బాగుండి రెండోచోట పడిపోతే తప్పు దూరానిది. అప్పుడు క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగను పెరటి వైపు గది దాకా లాగి, అక్కడ రెండో పెట్టెను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో పెట్టాలి. ఈ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మన ఇళ్లలో అంత అవసరమే రాదు. మోడ్ మార్చకుండా పెడితే రెండు పెట్టెలూ విడివిడిగా పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచుతూ ప్రింటర్లు, కెమెరాలు ఒకదానికొకటి కనిపించని చిక్కు వస్తుంది. ఆపరేటర్ ఓఎన్‌టీని తీసేయాలన్న ఆలోచన మాత్రం వద్దు, టీవీ, ఫోన్ దాని మీదే నడుస్తుంటాయి.

వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే, గోడకు తగిలించే చవక ఎక్స్‌టెండర్లను నేను సిఫారసు చేయను. ఒకే రేడియోతో వినడం, మళ్లీ పలకడం రెండూ చేసేది వేగాన్ని దాదాపు సగానికి తెస్తుంది. రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ సెట్లు మంచివే, కానీ వాటినీ తీగతో కలిపినప్పుడే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

చేపల, రొయ్యల చెరువు గట్టు మీది మకాం దాకా నెట్ కావాలన్నది డెల్టాకే చెందిన సమస్య. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయో లేదో కెమెరాలో చూసుకోవాలని రైతులకు ఉంటుంది. ఇంటి రౌటర్ ఎంత పెద్దదైనా అర కిలోమీటరు పోదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానివైపు ఒకటి చూసే రెండు బయటి రేడియోలు (సిగ్నల్ పంపి అందుకునే పెట్టెలు) కావాలి. ఒకదాని నుంచి ఇంకొకటి నేరుగా కనిపించే చూపు గీత ఒక్కటి ఖాళీగా ఉంటే సరిపోదు, అర కిలోమీటరు దూరానికి నడిమధ్యన ఆ గీత చుట్టూ సుమారు రెండున్నర మీటర్ల మేర అడ్డు లేకుండా ఉండాలి. తడి కొబ్బరి మట్టలు సిగ్నల్‌ను మింగేస్తాయి, గాలికి ఊగినప్పుడల్లా అది హెచ్చుతగ్గులవుతుంది. ఇవాళ ఖాళీగా ఉన్న దారిలో లేత మొక్కలుంటే నాలుగేళ్లలో ఏమవుతుందో కూడా లెక్కేసుకుని స్తంభం ఎత్తు నిర్ణయించాలి. దాని మీది రేడియో నుంచి ఇంట్లోకి వచ్చేది రాగి తీగ కాబట్టి ఎర్తింగ్, హఠాత్తుగా పెరిగే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా పిడుగుల కాలంలో దాన్ని నమ్మకూడదు. ఇక కరెంటు పోయినప్పుడు రేడియోలు, ఓఎన్‌టీ, యాక్సెస్ పాయింట్ అన్నీ నిలవాలంటే ఒక్కోదాని వోల్టేజి, ఆంపియర్లు అడాప్టర్ మీద చదివి, వాటికి సరిపోయే చిన్న యూపీఎస్‌ను ఎంచుకోవాలి.