సవరణ: 60 రోజుల లెక్క, పెండింగ్‌లో ఉన్న హెచ్-4

అమెరికాలో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉండగా ఉద్యోగం పోతే, సెవరెన్స్ డబ్బు (ఉద్యోగం తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) అందుతున్నంత కాలం అక్కడే ఉండి కొత్త దారి చూసుకోవడానికి ఇచ్చే 60 రోజుల గడువు మొదలవదనీ, భార్య హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబానికిచ్చే వీసా) దరఖాస్తుకు ఇబ్బంది ఉండదనీ ఇంతకుముందు రాశాను. రెండూ తప్పు.

యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల సంస్థ) మార్గదర్శకాల ప్రకారం ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే లెక్క. జీతం ఏ తేదీ వరకు లెక్కగట్టారో మామూలుగా అదే ఆఖరి రోజు. సెవరెన్స్ ఎన్ని నెలలు వచ్చినా ఆ తేదీ మారదు. ఐ-94 (అమెరికాలో ఎప్పటివరకు ఉండొచ్చో చూపే రికార్డు) 60 రోజులకంటే ముందే ముగిసేట్టయితే గడువూ అంతవరకే. కాబట్టి నా మాట నమ్మి ఆగినవాళ్లు ఇవాళే టర్మినేషన్ లెటర్ తీసి ఆ తేదీ చూసుకోండి.

హెచ్-4 పూర్తిగా హెచ్-1బి మీదే ఆధారపడి ఉంటుంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కి (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడానికి) వెళ్లేవారిని భర్త తాజా పే స్లిప్పులు, ఉద్యోగ లేఖ అడగొచ్చు. పాత లేఖ చూపించి ఉద్యోగం ఉందని మాత్రం చెప్పకండి. అబద్ధమని తేలితే అమెరికా ప్రవేశానికి శాశ్వతంగా అనర్హులయ్యే ప్రమాదం ఉంది. ఇంటర్వ్యూ వాయిదా వేసుకోవడమే మేలు. గడువులోగా కొత్త కంపెనీ హెచ్-1బి పిటిషన్ వేసి అది ఆమోదం పొందితే, ఆ కొత్త ఐ-797 (ఆమోద పత్రం)తో వెళ్లవచ్చు.