‘మాత్రలుండగా కీమో ఎందుకు?’ ఫార్వర్డ్‌లో నిజమెంత

విశాఖలో ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మెదడు లింఫోమా (మెదడులో పుట్టే, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మెదడు లింఫోమాకి ఇక కీమో అక్కర్లేదని అమెరికా డాక్టర్లు తేల్చేశారు. మాత్రలు చాలు. గడ్డ కరిగిపోతుంది, సైడ్ ఎఫెక్టులుండవు. కీమోతో మతి పోతుంది. ఆసుపత్రులు ఇది దాస్తున్నాయి. మీవాళ్ల కీమో ఆపించండి." మహారాణిపేటలో మందుల షాపు నడిపే నాకు ఇది ఫోన్లో చూపించి "ఈ మాత్ర ఉందాండీ?" అని అడిగేవాళ్లు వస్తూనే ఉన్నారు.

"తేల్చేశారు." లేదు, ఇంకా పరీక్షిస్తున్నారు. రిటుక్సిమాబ్, లెనలిడోమైడ్ అనే మందులు, వీటికి తోడు ఇబ్రుటినిబ్ లాంటి బీటీకే నిరోధకం (బీటీకే అనే ప్రొటీన్‌ని అడ్డుకునే మందు): ఇలాంటి కలయికలను జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్లకి, అందులోనూ గట్టి కీమో తట్టుకోలేని పెద్దవయసువాళ్లకి ఇచ్చి చూస్తున్నారు. ఆలోచనలో పస ఉంది. ఈ గడ్డల్లో చాలావాటిలో ఎంవైడీ88, సీడీ79బీ జన్యువులు మారి, "బతుకు, పెరుగు" అనే సంకేతం ఆగకుండా నడుస్తుంటుంది. దాన్ని బీటీకే మందు అడ్డుకుంటుంది. కానీ ఈ ట్రయల్స్‌లో ఎక్కువ చిన్నవి, పక్కన పోల్చి చూడటానికి కీమో గ్రూపు లేనివి.

"మాత్రలు చాలు." రిటుక్సిమాబ్ మాత్ర కాదు, సెలైన్‌లా నరంలోకి ఎక్కించాలి.

"గడ్డ కరిగిపోతుంది." మనుషుల్ని పడేసేది ఈ మాటే. కరగడం వేరు, నయం కావడం వేరు. మామూలు స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ ఇచ్చినా ఈ గడ్డ కొన్ని రోజుల్లో స్కాన్‌లో కనపడనంతగా తగ్గొచ్చు, ఆ తర్వాత తిరిగొస్తుంది. గడ్డ అలా తగ్గిపోతే ముక్క తీసి జబ్బు తేల్చడం కష్టం. అందుకే, పరిస్థితి మరీ విషమిస్తే తప్ప, బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ ఇవ్వకుండా ఆగుతారు. ఇబ్రుటినిబ్ సంగతీ చూడండి. జబ్బు తిరగబెట్టినవాళ్ల మీద ఫ్రాన్స్‌లో జరిపి 2019లో ప్రచురించిన ట్రయల్‌లో 52 మంది చేరారు. సగం మందికి పైగా ఫలితం కనిపించింది, కానీ దాదాపు సగం మందికి 5 నెలలు తిరక్కుండానే జబ్బు మళ్లీ పెరిగింది. ఒక్క మందు చాలదనే కదా ఇప్పుడు కలిపి చూస్తున్నది!

"సైడ్ ఎఫెక్టులుండవు." ఇబ్రుటినిబ్‌తో రక్తస్రావం, గుండె లయ తప్పడం ఉంటాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో దాన్ని కీమోతో, స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే 18 మందిలో ఏడుగురికి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఇన్ఫెక్షన్ వచ్చింది. లెనలిడోమైడ్‌తో రక్తం గడ్డకట్టొచ్చు. అది కడుపులో బిడ్డలకి అవయవలోపాలు తెచ్చిన థాలిడోమైడ్‌కి దగ్గరి చుట్టం, గర్భిణులు అసలు తీసుకోకూడదు.

"కీమోతో మతి పోతుంది." జ్ఞాపకశక్తిని ఎక్కువగా దెబ్బతీసేది మొత్తం తలకి ఇచ్చే రేడియేషన్, అదీ 60 దాటినవాళ్లలో. దాన్ని తగ్గించడానికే వీలైనచోట సొంత మూలకణాల మార్పిడి వైపు వెళ్తున్నారు.

"ఆపించండి." ఇది ప్రాణాంతకమైన సలహా. ఈ జబ్బుకి ముఖ్యమైన కీమో మందు మెథోట్రెక్సేట్‌ని శరీర వైశాల్యంలో చదరపు మీటరుకి 3 గ్రాములు, ఆపైన ఇస్తే తప్ప మెదడులోకి సరిపడా చేరదు. పసుపుపచ్చటి ఆ ద్రావణం ఎక్కుతున్నంతసేపూ, తర్వాతా కిడ్నీలు దెబ్బతినకుండా సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తారు, మూత్రంలో స్ట్రిప్ ముంచి క్షారం సరిపోయిందా అని చూస్తారు, విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇస్తారు, రక్తంలో మందు దిగిపోయేదాకా ఇంటికి పంపరు. కష్టమే, కాదనను. కానీ 70 ఏళ్ల వరకు వయసున్నవాళ్ల మీద యూరప్‌లో జరిగిన పెద్ద ట్రయల్‌లో మెథోట్రెక్సేట్, సైటరబిన్, థయోటెపా, రిటుక్సిమాబ్ నాలుగూ తీసుకున్నవాళ్లలో 7 ఏళ్ల తర్వాత 56 శాతం మంది బతికున్నారు. కీమో లేని కలయిక ఏదీ ఇంతకాలం నిలిచినట్టు ఇంకా చూపించలేదు.

"దాస్తున్నాయి." మన దేశంలో ట్రయల్ మొదలుపెట్టే ముందు సీటీఆర్ఐలో (ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్ట్రీ) నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఫోనున్న ఎవరైనా పైసా ఖర్చు లేకుండా అందులో వెతుక్కోవచ్చు. కీమో తట్టుకోలేరేమోనని భయముంటే మీ ఆంకాలజిస్టునే అడగండి, రెండో అభిప్రాయానికి అగనంపూడిలో టాటా మెమోరియల్‌వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నిజంగా ట్రయల్‌లో చేరమంటే, సమ్మతి పత్రం తెలుగులో తీసుకుని ఇంటిల్లిపాదీ చదవండి. జబ్బు తిరగబెడితే తర్వాత ఏం ఇస్తారో, ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం పరిహారం ఎవరిస్తారో సంతకానికి ముందే అడగండి.