క్రౌంచద్వీపానికి రెండు పెట్టెలు

పూజలో కూర్చోగానే ముందు సంకల్పం చెప్పిస్తారు. ఎక్కడున్నావు, ఏ నదుల మధ్య ఉన్నావు, ఏ గోత్రం, ఏం కోరి కూర్చున్నావు, అన్నీ విన్నవించుకోవాలి. మా గుడివాడలో 'శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే' అంటారు. అమెరికా వెళ్ళిన మన పురోహితులు 'క్రౌంచద్వీపే, రమణకవర్షే' అని సర్దుకున్నారు. కాబట్టి లక్ష్యాలు రాసుకోవడం మనకేమీ కొత్త కాదు. మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తున్నాడని తెలియగానే గట్టి అట్ట డైరీ ఒకటి కొనిచ్చి, "ఏం సాధించాలనుకుంటున్నావో రాయరా" అన్నాను.

రాశాడు. మొత్తం 9. పొద్దున్నే 5 గంటలకు లేవడం, వంట నేర్చుకోవడం, గ్రాండ్ క్యాన్యన్ చూడటం, తెలుగువాళ్ళు కాని నలుగురితో స్నేహం చేయడం వగైరా. నాలుగోది చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. అప్పటికే వాడు వాట్సాప్ గ్రూపులో రూమ్మేట్లను కుదుర్చుకున్నాడు మరి: గుంటూరు ఇద్దరు, కరీంనగర్ ఒకడు, పామర్రు ఒకడు. ఎయిర్‌పోర్టుకి కారు తెచ్చేవాడిది తెనాలి. పామర్రు మాకు బస్సులో అరగంట. 22 ఏళ్ళుగా ఎదురుపడని మావాడూ ఆ పామర్రు కుర్రాడూ కలవాలంటే టెక్సాస్ దాకా వెళ్ళాల్సొచ్చింది.

డైరీ సంగతి అలా ఉంచితే, వీడి జీవితాశయాలకు అధికారిక ప్రతులు ఇంకో రెండున్నాయి. మొదటిది ఎస్‌ఓపీ, అంటే ఈ చదువే ఎందుకో యూనివర్సిటీకి చెప్పుకునే వ్యాసం, కన్సల్టెన్సీవాళ్ళు రాయించినది. ఆరేళ్ళప్పుడు పాడైన రేడియో విప్పి చూసిన క్షణంలోనే డేటా సైన్స్ మీద తృష్ణ పుట్టిందని అందులో ఉంది. మా అన్నయ్య రెండుసార్లు చదివి, "మనింట్లో రేడియో ఎప్పుడుందిరా?" అన్నాడు.

రెండోది వీసా కిటికీ దగ్గర చెప్పేది. అమెరికావాళ్ళ వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. వచ్చినవాడు అక్కడే ఉండిపోవడానికే వస్తున్నాడని వీసా ఆఫీసరు ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. ఆ చట్టం 1952 నాటిది. కన్సల్టెన్సీలు పుట్టకముందే, అమీర్‌పేటలో ఒక్క బోర్డు కూడా లేవకముందే మనల్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్న ఆ శాసనకర్తలకు దూరం నుంచే నమస్కారం.

ఇంట్లో రిహార్సల్ పెట్టాం. డైనింగ్ టేబుల్‌కి ఇటు నేను, వీసా ఆఫీసర్ని. అటు వాడు, ఇస్త్రీ చొక్కాలో. సోఫాలో మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"చదువయ్యాక ఏం చేస్తావు?"

"తిరిగొచ్చేస్తానండీ. మా దేశంలోనే ఉద్యోగం చేసుకుంటాను."

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "అదేంట్రా, వచ్చేస్తావా? మరి అప్పెవరు తీరుస్తారు?"

అసలు కిటికీ దగ్గర ఆవిడ లేకపోవడం మా అదృష్టం. దానికి ముందు ఇంకో క్రతువు ఉంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా ఉంచాలి. వాడు రెండు రాత్రులు మేలుకుని, హీరోల ఫ్యాన్ వార్స్‌లో ఎనిమిదేళ్ళుగా పెట్టిన తిట్లన్నీ తుడిచేశాడు. చివరికి మిగిలినవి ఉగాది శుభాకాంక్షలు, ఒక కుక్కపిల్ల ఫొటో.

చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేశాడు. వీసా రాగానే మళ్ళీ వెళ్ళి 108. విదేశీ విద్యార్థుల నమోదుకి సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185, లోనుకి బ్యాంకువాళ్ళ ప్రాసెసింగ్ ఛార్జీ, కన్సల్టెన్సీకి వేరే. ఈ వ్యవహారమంతటిలో పైసా అడగనిది ఆ వీసా బాలాజీ ఒక్కడే. ఆయన గుడిలో హుండీయే లేదు.

ఇక ప్యాకింగ్. 23 కిలోలవి రెండు పెట్టెలు. మా వదిన లక్ష్యాలన్నీ ఈ 46 కిలోల్లోనే ఉన్నాయి: మూడు లీటర్ల కుక్కరు, ఇడ్లీ రేకులు, ఆవకాయ, కందిపొడి, వాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ ముట్టని శొంఠిపొడి. పచ్చి కరివేపాకు మాత్రం కుదరదని చెప్పాను. ఆ చెట్టు మీద బతికే పురుగు వాళ్ళ నారింజ తోటలకు తెగులు మోస్తుందని రానివ్వరు.

"మనిషిని రానిచ్చి కరివేపాకుని ఆపుతారా!" అంది వదిన.

కరివేపాకుని తీసి పక్కన పెట్టడంలో వాళ్ళకున్న అనుభవం ఆవిడకు తెలీదు. చదువయ్యాక ఒక ఏడాది, సాంకేతిక కోర్సు గనక ఇంకో రెండేళ్ళు పనిచేయనిస్తారు. ఆ పైన ఏటా 85,000 హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు లాటరీ. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టాక, ఎవరికి వర్తిస్తుందో ఎవరికి వర్తించదో లాయర్లు చెబుతుంటే వీళ్ళు వింటున్నారు. ఇదంతా వదినకు చెప్పబోయి, ఆవకాయ సీసాకి నాలుగో కవరు చుట్టి టేపు వేస్తుంటే చూసి ఊరుకున్నాను.

బయల్దేరే రోజు రాత్రి తూకం. అన్నయ్య పెట్టె ఎత్తుకుని కాటా మీద నిలబడటం, వచ్చిన అంకెలోంచి తన బరువు తీసేయడం. మొదటి పెట్టె సరిపోయింది. రెండోది 23 కిలోల 400 గ్రాములు. అందరం నేల మీద కూర్చుని పెట్టె విప్పాం. శొంఠిపొడి తీద్దామన్నాడు వాడు. వదిన చూసిన చూపుకి మళ్ళీ లోపల పెట్టాడు. కుక్కరు మూత ఎత్తి చూశాం, దాని కడుపులో కూడా పచ్చిమిరపకాయల వడియాలే. చివరికి అన్నయ్య చెయ్యి డైరీ మీద పడింది. అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు, నా వైపు చూడకుండా పక్కన పెట్టాడు. కాటా 22.9 చూపించింది. మిగిలిన సందులో వదిన ఇంకో గోంగూర పొట్లం దూర్చింది.

ఆ డైరీలో ఇప్పుడు వదిన పాల లెక్క రాసుకుంటోంది. మొదటి పేజీ మాత్రం చించలేదు. రెండో పేజీ నుంచి మొదలుపెట్టింది, రోజుకి అర లీటరు. వాడున్నప్పుడు లీటరు పోయించుకునేది.