కంచంలోకి చేరే రసాయనాల లెక్క

హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం ఏడు దాటితే కర్రీ పాయింట్ల ముందు నిలబడటానికి చోటుండదు. పొయ్యి మీద నుంచి దించిన సాంబారును పల్చటి పాలిథిన్ కవర్లో పోసి, మూతి మెలితిప్పి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేసరికి ఆ కవరు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటుంది. ఇల్లు చేరడానికి పట్టే ఇరవై నిమిషాలూ ఆ వేడి, పైన తేలే ఆ నూనె ప్లాస్టిక్‌ను అంటుకునే ఉంటాయి. ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగడాన్ని పెంచేవి ముఖ్యంగా వేడి, కొవ్వు, గడిచే సమయమే.

ఆ సాంబారుతో మన ఒంట్లోకి ఏది ఎంత చేరుతోందో చెప్పే లెక్క మాత్రం ఇప్పటి తనిఖీల పద్ధతిలో దొరకదు. అధికారి దుకాణంలో తీసిన నమూనా హైదరాబాద్ నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు వెళ్తే, అది ప్రమాణానికి లోబడి ఉందా లేదా అన్నదే నివేదికలో వస్తుంది. తినే మనిషి బరువెంత, రోజుకు ఎంత తింటాడు, అదే రసాయనం ఇంకా ఎన్ని పదార్థాల ద్వారా అతన్ని చేరుతోంది అన్న ప్రశ్నలు ఆ కాగితంలో ఉండవు.

నిజామాబాద్ పసుపు మార్కెట్ ఉన్న రాష్ట్రంలోనే బతికే మనకు పసుపు కంటే దగ్గరి ఉదాహరణ లేదు. పసుపు కొమ్ములు మెరవడానికి కొన్నిచోట్ల పూసే లెడ్ క్రోమేట్ నిజానికి పెయింట్లలో వాడే, సీసం ఉన్న రంగు పొడి. దేశ ఆహార భద్రత చట్టం కింద వచ్చిన 2011 నిబంధనలు పసుపులో సీసానికి పెట్టిన పరిమితి 10 పీపీఎం, అంటే గ్రాముకు 10 మైక్రోగ్రాములు. సరిగ్గా ఆ పరిమితి దగ్గర ఆగిన పసుపు పరీక్షలో నెగ్గుతుంది. పప్పులో, కూరలో కలిపి పిల్లవాడికి రోజుకు అర గ్రాము పసుపు వెళ్తుందనుకుంటే చేరే సీసం 5 మైక్రోగ్రాములు. పిల్లలకు ఆహారం మొత్తం మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గీసుకున్న గీత రోజుకు 2.2 మైక్రోగ్రాములే. ఒక్క పసుపుతోనే, అదీ చట్టం ఒప్పుకున్న పసుపుతోనే, ఆ గీతకు రెండింతలు దాటిపోయాం. బియ్యం, నీళ్లు, వంటపాత్రలు ఇంకా లెక్కలోకే రాలేదు. మన మార్కెట్ సరుకులో ఇంత సీసం ఉందని నేను అనడం లేదు, పరిమితి పెట్టిన తీరులోనే లోపముందంటున్నాను. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ నుంచి తెచ్చిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది; ఫలితాలు బయటపెట్టి, దాడులు చేసి, జరిమానాలు వేశాక 2021 నాటికి అది సున్నాకు వచ్చింది.

కొలవడం సులువేమీ కాదు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ప్రయోగశాలలోని చేతి తొడుగుల్లో, గొట్టాల్లో కూడా ఉంటాయి కాబట్టి, ఆహారం వేయని ఖాళీ నమూనాను కూడా పక్కన నడిపి చూడకపోతే యంత్రం తన ఇంటి మురికినే సాంబారుకు అంటగడుతుంది. ‘ఏమీ దొరకలేదు’ అన్న మాటకు కూడా సున్నా అని అర్థం కాదు, యంత్రం చూపు అంతవరకే ఆనిందని అర్థం. ఇక ఏది సురక్షితమన్న దగ్గర నిపుణులకే పొత్తు కుదరలేదు. డబ్బాల లోపలి పూతల్లో, గట్టి ప్లాస్టిక్ క్యాన్లలో ఉండే బిస్ఫినాల్-ఏ అనే రసాయనానికి యూరప్ ఆహార భద్రత సంస్థ 2015లో కిలో శరీర బరువుకు రోజుకు 4 మైక్రోగ్రాములని పెట్టిన పరిమితిని 2023లో 0.2 నానోగ్రాములకు (మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము), అంటే 20,000 రెట్లు కిందికి దించింది; అదే ఏడాది జర్మనీ సంస్థ 200 నానోగ్రాములు చాలంది. అందుకే ‘సురక్షితం’ అని ముద్ర వేసి ఊరుకోకుండా అసలు అంకెలను ప్రజల ముందు పెట్టాలి.

అమెరికాలో 1961 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. అణుపరీక్షల ధూళి ఆహారంలోకి చేరుతోందన్న భయంతో మొదలైన ఆ అధ్యయనంలో, దుకాణాల్లో సరుకు కొని, ఇంట్లో వండినట్టే వండి, ఆ తర్వాతే పరీక్షిస్తారు. జనం ఏమి తింటారన్నది దశాబ్దాల పాటు రాసిపెట్టిన జాతీయ పోషకాహార సంస్థ మనకు హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. వరంగల్ కంచానికి ఈ పని చేయాలంటే ఏనుమాముల మార్కెట్ మిర్చి, చెరువు చేప, ప్యాకెట్ పాలు, రోజూ తినే అన్నం అన్నీ జాబితాలోకి రావాలి. కర్రీ పాయింట్ సాంబారును మాత్రం గిన్నెలోంచి నేరుగా తీయకూడదు. కవర్లోనే పోయించుకుని, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు గాజు సీసాలోకి వంపాలి.